టోకు బేరమునకు సామాజిక మాధ్యమములు

తెల్లవారుజామున మూడు గంటలకు రావిర్యాల బాటమీద నిలుచున్నవారికి ఒక దృశ్యము కనబడును. మహేశ్వరము వైపునుండి వచ్చు ఆటోలును చిన్న లారీలును టమాట క్రేట్లతోను, పాలకూర, కొత్తిమీర మూటలతోను నిండి నగరములోని మార్కెట్లకు పరుగెత్తుచుండును. అచ్చట సరకు వేలమున పోవును. కమీషను, హమాలీ కూలి, తరుగు, బండి బాడుగ పోగా మిగిలినది రైతు చేతికి వచ్చును. ప్రొద్దు బాగుగ ఎక్కిన పిమ్మట నగరమునుండి మరికొన్ని బండ్లు ఇదే బాటను ఇటు వచ్చును. వానిలో నున్నవియు టమాటలే. అవి ఇచ్చటి కర్మాగారముల భోజనశాలలకును, హోటళ్ళకును, విమానాశ్రయ ప్రాంతమునందలి వంటశాలలకును పోవు సరకు. అట్లు వచ్చిన కాయ మన చేనిదే యని నేను ప్రమాణము చేయజాలను. కాని మన పొలిమేరలో కొనువాడు మన పొలిమేరలో పండించువానిని ఎరుగక నగరమునకు పోయి వెదకుకొనుచున్నాడన్నది మాత్రము నిక్కము.

ఈ కొనువారు నిన్నమొన్న వచ్చినవారు. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన శంషాబాదు విమానాశ్రయము తెరవబడెను. వెలుపలి వలయరహదారి మన గ్రామము ప్రక్కగా సాగెను. ఎలక్ట్రానిక్ పరికరములు చేయు పరిశ్రమలు వచ్చినవి. 2016లో వండర్‌లా వినోదవనము తెరచిరి. 2023 అక్టోబరులో విజయ పాల సహకార సమాఖ్యవారి పెద్ద కర్మాగారము రావిర్యాలలోనే ప్రారంభమాయెను. దినమునకు 5 లక్షల లీటర్ల పాలను శుద్ధిచేయుటకును, అవసరమైనచో 8 లక్షల లీటర్లకు పెంచుటకును తగినట్లు దానిని కట్టిరి. ఇన్ని వంటశాలలు మనచుట్టు వెలసినవి. అదే కాలమున మన భూములు ప్లాట్లయినవి. ఇంకను సేద్యము విడువక కూరలు, పూలు, పాడి నమ్ముకొని యున్న కాపులు కొలదిమందియే. వీరికి ఎకరమునకు రాబడి కొంచెమైనను పెరుగనిచో, తరువాతి తరమువారు చేనిని కొలిచి అమ్ముటకే చూతురు గాని దున్నుటకు చూడరు. ఆ భయముతోనే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఆ కొనుగోలుదారు మనలను ఎచ్చట వెదకును? పూర్వము అడితికి వచ్చి వెదకెడివాడు. నేడు మొదట తన చేతిలోని ఫోనులో వెదకుచున్నాడు. అందులో మన సంఘము పేరు లేనియెడల, అతనివరకు మన సంఘము లేనట్లే.

“సామాజిక మాధ్యమములు” అనగానే మన సభ్యులలో పెద్దలు పెదవి విరుచుట సహజము. అవి పిల్లల ఆటపాటలకు, ఎన్నికల కాలపు తగవులకు, ప్రొద్దుననే వచ్చు పూలబొమ్మల శుభోదయములకు తప్ప పనికిరావని వారి అభిప్రాయము. శుభోదయముల విషయమున నేనును వారితో ఏకీభవింతును. కాని గునపమును ఒకడు పాదు త్రవ్వుటకు వాడును, మరియొకడు గోడకు కన్నము వేయుటకు వాడును. వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్, లింక్డిన్ అను వానిని మన సంఘము ఏ పనికి వాడవలెనో ముందు తేల్చుకొన్నచో పెదవి విరుపులు తగ్గును.

మన పని చిల్లర బేరము కాదు. ఈ భేదము మొదట తెలిసికొనవలెను. ఇంటి ఇల్లాలికి రెండు కిలోల టమాట అమ్మువానికి వేలమంది కంటబడుట లాభము. 2020లో కరోనా కాలమున రాకపోకలు నిలిచిపోయినప్పుడు, రైతులు పలువురు నగరములోని అపార్టుమెంటులవారితో వాట్సాపుమీద మాటలాడుకొని మామిడిపండ్లు, కూరలు నేరుగ చేర్చిరి. అది మంచి పనియే. అయినను దుకాణములు తెరువగానే ఆ బేరము చాలచోట్ల సన్నగిల్లెను. టోకు బేరము అట్టిది కాదు. సంఘమునుండి సంస్థ కొనునప్పుడు కొనువారు కోటిమంది యుండరు. మన చుట్టుప్రక్కల లెక్కించినచో ముప్పది నలుబది వంటశాలలు, పది మిఠాయి దుకాణములు, కొందరు టోకు వర్తకులు తేలుదురు. ఆ కొలదిమందికి మనము తెలిసిన చాలును, ఊరంతటికి తెలియనక్కరలేదు.

ఇంకొక సంగతి. సంస్థలో కొనువాడు ఒక్కడు కాడు. వంటమేస్త్రి సరకు చూచి మెచ్చవలెను. స్టోరు గుమాస్తా తూకము సరిచూడవలెను. లెక్కల శాఖవారు బిల్లు ఒప్పుకొనవలెను. పైన మేనేజరు సంతకము చేయవలెను. ఇందులో ఎవడును తన సొంత సొమ్ము పెట్టి కొనుటలేదు. ప్రతివాడును తన ఉద్యోగమును పణముగ పెట్టి కొనుచున్నాడు. రేపు మధ్యాహ్నము ఎనిమిదివందలమందికి పప్పుచారు పెట్టవలసిన మేస్త్రికి, క్రేటుకు పది రూపాయలు తగ్గునా అన్నదానికంటె, సరకు వేళకు వచ్చునా అన్నదే పెద్ద చింత. కావున మన సంఘము ఫోనులో ఏది వ్రాసినను ఈ చింతకు సమాధానముగ నుండవలెను. పాటలు, అలంకారములు అతనికి అక్కరలేదు.

ఈ విషయమున దూరదేశపు ఉదాహరణ మొకటి చెప్పెదను. డెన్మార్కు దేశమున మెర్స్క్ అను ఓడల కంపెనీ కలదు. మన దేశమున సహకార పరపతి సంఘముల మొదటి చట్టము వచ్చిన 1904వ సంవత్సరముననే అదియు పుట్టినది. ఇంటింటివారు ఓడలో పెట్టె బాడుగకు తీసికొనరు గదా. ఆ కంపెనీకి ఖాతాదారులందరు వర్తకులు, కర్మాగారములవారే. అట్టి కంపెనీ 2011లో ఫేస్‌బుక్కునందు పుట తెరచినప్పుడు, ఓడలబొమ్మ లెవరు చూతురని నవ్వినవారు ఉండియుందురు. వారు క్రొత్తగ ఏమియు కల్పింపలేదు. తమ పాత భాండారములో నున్న ఓడల ఛాయాచిత్రములను, రేవుల చిత్రములను పెట్టుచు, ఓడలమీద పనిచేయువారి కథలు చెప్పసాగిరి. అచిరకాలముననే లక్షలమంది ఆ పుటను అనుసరించిరి. సరకు పంపు వర్తకులతో నిపుణుల చర్చలకు లింక్డిన్‌ను వేరుగ వాడుకొనిరి.

లక్షలమంది చూచుట నాకు గొప్పగ తోచలేదు. వారు బాడుగలిచ్చువారు కారు. నాకు నచ్చిన సంగతి వేరు. ఒకప్పుడు వారి ఓడ యొకటి సముద్రములో తిమింగలమును ఢీకొనగా అది చచ్చి, ఓడ ముక్కునకు తగిలియున్న ఆ కళేబరముతోనే ఓడ రేవు చేరెను. ఆ చిత్రము లోకమున ప్రాకినది. కంపెనీవారు దానిని దాచక, తమ పుటలోనే జరిగినది జరిగినట్లు చెప్పి, విచారము తెలిపి, అడిగినవారికి బదులిచ్చిరి. తప్పును దాచనివాని లెక్కను వర్తకుడు నమ్మును. మన టమాట క్రేటుకును ఈ తిమింగలమునకును ఉన్న సంబంధము కొంచెము ముందునకు పోయిన పిమ్మట చదువరులకు తెలియును.

ఇక మొదలుపెట్టు తీరు. అన్నింటికంటె ముందు సంఘము పేర ఒక సిమ్ము తీసికొనవలెను. కార్యదర్శి సొంత నంబరుమీద బేరము నడపరాదు. ఈ తప్పు చాల సంఘములు చేయుచున్నవి. కార్యదర్శి మారిననాడు, లేక అలిగిననాడు, ఖాతాదారులందరు ఆయన జేబులోనే వెళ్ళిపోవుదురు. సంఘపు ఇనుపపెట్టె తాళపుచెవి ఎట్లు అప్పగింపబడునో ఈ నంబరును, దాని రహస్యపదములును అట్లే కాగితముమీద, పాలకవర్గపు తీర్మానముతో అప్పగింపబడవలెను. రహస్యపదములను వ్రాసి, కవరులో పెట్టి, ముద్రవేసి ఇనుపపెట్టెలో నుంచుట మేలు.

ఆ నంబరుమీద వాట్సాప్ బిజినెస్ అను దానిని ఎక్కింపవలెను. ఇది మామూలు వాట్సాపు కాదు. చిన్న వ్యాపారులకొఱకు 2018లో వేరుగ విడుదల చేసినది. మామూలు వినియోగమునకు రుసుము లేదు. సంఘము పేరు, చిరునామా, పనివేళలు, పటములో స్థలము గుర్తు, ఇవి యన్నియు అందులో చూపవచ్చును. సరకుల పట్టిక పెట్టుటకు చోటు కలదు. ఒక ఫోనునకు తోడుగ మరి నాలుగు పరికరములను జతచేయవచ్చును గనుక, సేకరణ కొట్టమున నున్న గుమాస్తాయు, కార్యాలయమున నున్న కార్యదర్శియు ఒకే నంబరునుండి బదులీయవచ్చును. ప్రతి ఖాతాదారు పేరుమీద “క్రొత్త ఆర్డరు”, “సొమ్ము రావలసియున్నది”, “సొమ్ము ముట్టినది” అను గుర్తులు వేసికొను వసతియు కలదు. మన పాత రోజు చిట్టాలో ఎఱ్ఱసిరాతో గీత గీసెడివారు, ఇదియు అదియే.

పెద్ద సంస్థలోని లెక్కల శాఖవారు మొట్టమొదట అడుగునది ధర కాదు, నంబర్లు. సంఘపు రిజిస్ట్రేషను నంబరు, ఆహార భద్రతా సంస్థవారిచ్చు 14 అంకెల లైసెన్సు నంబరు, జీఎస్టీ కలిగియున్నచో దాని 15 అక్షరముల నంబరు, బ్యాంకు ఖాతా ఏ పేరున నున్నదో ఆ పేరు, వీనిని ఒక కాగితముమీద శుభ్రముగ టైపు చేయించి చిత్రము తీసి సిద్ధముగ నుంచుకొనవలెను. అడిగిన అయిదు నిముషములలో ఆ కాగితము పోయినచో, మనము సంతలో కూర్చున్నవారము కామనియు, లెక్కగల సంఘమనియు అవతలివానికి తెలియును. అడిగిన పదిదినములకు పంపినచో సరకును అట్లే పంపుదుమని అతడు అనుకొనును. అనుకొనుటలో తప్పు లేదు.

పిమ్మట ఎవరికి పంపవలెను? ఇచ్చట కాలిసత్తువ కావలెను. కొనువాడు మన నంబరును తన ఫోనులో వ్రాసికొననియెడల మనము జాబితామీద పంపు వార్త అతనికి చేరదు. ఒక జాబితాలో 256 మందివరకు చేర్చవచ్చును గాని, మనకు ముప్పదిమందియే చాలును. ఆ ముప్పదిమంది గుమ్మములకు మొదట ఒకమారు స్వయముగ పోయి, మచ్చు చూపి, “మా నంబరు వ్రాసికొనుడు, ప్రతి సాయంత్రము మరునాటి సరకు తెలిపెదము, వలదన్న నాడు మానెదము” అని చెప్పిరావలెను. అడుగకుండ ఎవరినైనను గుంపులో చేర్చుట వారి ఇంటిలోనికి చెప్పులతో పోవుట వంటిది. ఫోనువలన కాలినడక తప్పునని తలచువారు నిరాశపడుదురు. మొదటి నడక తప్పదు. తరువాతి ఇరువది నడకలు తప్పును.

ఏమి పంపవలెనన్న దానిని మేము నష్టపడి నేర్చుకొంటిమి. ఆ కథను దాచక వ్రాసెదను.

మొదలుపెట్టిన క్రొత్తలో మా సంఘమున ఉత్సాహవంతుడైన యువకుడొకడు ఈ పని పైనవేసికొనెను. అతడు క్రేట్లలోనుండి పది చక్కని పండ్లను ఏరి, కడిగి, అరటియాకుమీద పేర్చి, లేతయెండలో చిత్రము తీసి పంపెను. చిత్రము నిజముగ ముచ్చటగ నుండెను. పాలకవర్గమువార మందరము మెచ్చుకొంటిమి; నేను మా చుట్టములకు సైతము పంపితిని. ఒక కర్మాగారపు భోజనశాలవారు వెంటనే ఇరువది క్రేట్లు కోరిరి. ఆ ముందురాత్రి వాన కురిసినది. పండ్లు కొన్ని పగిలినవి. పై వరుసలో మంచివి, లోపల పగిలినవి ఉన్నవని తెలిసియు, వేళ మించుచున్నదని బండి పంపితిమి. గేటువద్ద స్టోరు గుమాస్తా ఒక క్రేటును నేలమీద కుమ్మరించి, తన ఫోనులోని బొమ్మను మా బండివానికి చూపి, “ఇందులో ఉన్న పది పండ్లు ఏవి? చూపించు, అవి దించుకుంటా” అనెను. ఎనిమిది క్రేట్లు దించుకొని పండ్రెండు త్రిప్పిపంపెను. బండి వెనుకకు వచ్చునప్పటికి మార్కెటు ముగిసినది. పండ్రెండు క్రేట్లను బాటప్రక్క పోసి వచ్చిన ధరకు అమ్మితిమి. నష్టమును సంఘమే భరించెను గాని, ఆ సరకు పోసిన ముగ్గురు సభ్యులు తరువాత రెండు నెలలు తమ సరకును నగరమునకే తోలిరి. వారిని తప్పుపట్టజాలము. ఆ గుమాస్తాయో, నాలుగు నెలలు మా వార్తలు చూచెను, బదులీయలేదు.

అప్పటినుండి మా పద్ధతి మార్చుకొంటిమి. సాయంత్రము సరకు కొట్టమునకు చేరిన పిమ్మట ఏదో యొక క్రేటును పట్టామీద బోర్లించి, మంచిచెడ్డలతో సహ చిత్రము తీయుదుము. ప్రక్కన ఆ దినపు తూకపు చీటీ తేదీ కనబడునట్లు ఉంచుదుము. కడుగము, పేర్చము. దానిక్రింద వ్రాయునది ఇంతమాత్రమే: “రేపు బుధవారము ఉదయము 5 గంటలకు. టమాట 30 క్రేట్లు, క్రేటు 25 కిలోలు, మధ్యరకము, నాలుగింట మూడు వంతులు ఎఱుపు, వాన వలన నూటికి అయిదారు పగుళ్ళు. పాలకూర 400 కట్టలు. సొరకాయ లేదు. ఆర్డరు ఈ రాత్రి 8 గంటలలోపల.” ధరను ఖాతాదారులకు విడివిడిగ తెలుపుదుము.

“పగుళ్ళున్నవని మనమే చెప్పుకొనుట ఏమి వ్యాపారము?” అని సభలో ఒక పెద్దమనిషి ఆక్షేపించెను. ఆయన ప్రశ్న సబబైనదే. దానికి సమాధానము మొదటి వారముననే వచ్చెను. చారు కాచువారికి పగుళ్ళు అడ్డము కావు; పచ్చిముక్కలు కోసి పెట్టువారికి అడ్డము. ముందుగ తెలిసినచో ఎవరికి కావలసినది వారు తీసికొందురు. గేటువద్ద తెలిసినచో అందరును త్రిప్పివేయుదురు. తిమింగలపు కథ నేను చెప్పినది ఇందుకే.

వాట్సాపు కుదుటబడిన పిమ్మటనే ఇతరములను తలపెట్టవలెను. అయిదుచోట్ల పుటలు తెరచి అయిదింటిని బూజుపట్టించుటకంటె ఒక్కదానిని దినదినము తుడిచియుంచుట మేలు. ఆరునెలల క్రిందటి సంక్రాంతి శుభాకాంక్షలతో ఆగిపోయిన ఫేస్‌బుక్ పుటను చూచిన కొనుగోలుదారు, ఆ సంఘము మూతపడినదనుకొనును. రెండవ అడుగుగ గూగుల్ పటమునందు సంఘము కొట్టమును గుర్తింపజేయవలెను. బండివాడు దారి యడుగుటకు పదిమార్లు ఫోను చేయనక్కరలేదు. మూడవది యూట్యూబునందు రెండు నిముషముల చలనచిత్రము: చేను, కోత, తూకము, బండిలో ఎత్తుట. మాటలు తెలుగున నుండిన చాలును. వంటమేస్త్రులు చూతురు. అట్టిది ఏడాదికి ఒకటి చాలును, క్రొత్త కొనుగోలుదారు ఎవరైనను “మీరెవరు?” అని యడిగినప్పుడు దానిని పంపవచ్చును.

లింక్డిన్ అనునది 2003లో ఉద్యోగులు, వృత్తినిపుణులు ఒకరినొకరు తెలిసికొనుటకు ఏర్పడినది. పెద్ద సంస్థలలో కొనుగోళ్ళు చూచు అధికారులు అందులో తమ పేరు, పదవి వ్రాసికొని యుందురు. గేటువద్ద మనలను లోనికి పంపని సంస్థలో ఎవరికి వ్రాయవలెనో తెలియుటకు ఇది ఉపయోగించును. సభ్యుల బిడ్డలలో చదువుకొని ఆ పరిశ్రమలలోనే పనిచేయుచున్నవారు కలరు. ఈ పనికి వారి సాయము కోరవచ్చును. వారు తండ్రుల సేద్యమును గూర్చి నాలుగు వాక్యములు వ్రాయుటకు సిగ్గుపడరని నా నమ్మకము. ఇన్‌స్టాగ్రామును గూర్చి నాకు అనుభవము చాలదు. పూలు పండించువారికి, కల్యాణమండపముల అలంకరణవారితో బేరముగలవారికి అది పనికివచ్చునని యువకులు చెప్పుదురు.

సామాజిక మాధ్యమము వేరు, విపణి వేరు అని కూడ గుర్తుంచుకొనవలెను. 2016 ఏప్రిల్ 14వ తేదీన కేంద్రప్రభుత్వము ఆరంభించిన ఈ-నామ్ అనునది వేలపు విపణి. నిజామాబాదు పసుపు మార్కెటు దానిలో చేరియున్నది. అచ్చట ధర తేలును. వాట్సాపున తేలునది పరిచయము, నమ్మకము. రెండింటిని వాడుకొనవచ్చును గాని, ఒకదానిని రెండవదిగ భ్రమపడరాదు.

ఇప్పుడు మోసములను గూర్చి కొంచెము గట్టిగ చెప్పవలసియున్నది. మన నంబరు పదిమందికి తెలిసినచో ఆ పదిమందిలో దొంగయు నుండును. వాడుకలోనున్న మోసము ఇట్లు జరుగును. ఒకడు ఫోను చేసి, తాను సైన్యమునకు సంబంధించిన అధికారినని చెప్పి, గుర్తింపుపత్రపు చిత్రమును పంపును. ధర బేరమాడడు; పెద్ద మొత్తము కోరును. బేరమాడని కొనుగోలుదారుని చూడగానే జాగ్రత్తపడవలెను. పిమ్మట బయానా పంపెదనని చెప్పి చదరపు గుర్తుల బొమ్మ యొకటి పంపి, దానిని స్కాను చేసి పిన్ను కొట్టుడని తొందరపెట్టును. కొట్టిన మరునిముషమున సంఘపు సొమ్ము పోవును. పిన్ను కొట్టుట సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు ఎన్నడును కాదు. ఈ వాక్యమును సంఘము గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుట మంచిది. పొరపాటున మోసపోయినచో సిగ్గుపడి ఇంట కూర్చుండక తక్షణమే 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. గంటలు గడచినకొలది సొమ్ము చేతులు మారును.

అరువు సంగతి మరియొకటి. “అన్నా, రేపు ఇరువై క్రేట్లు పంపు” అని వచ్చిన మాటను నమ్మి బండి తోలరాదు. సరకు, తూకము, ధర, చేరవలసిన వేళ, సొమ్ము ఇయ్యవలసిన తేదీ, వీనిని ఒకే వార్తలో వ్రాసి, “సరే” యని బదులు వచ్చిన పిమ్మటనే పంపవలెను. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఇట్టి వ్రాతలను వ్రాతలుగనే గుర్తించుచున్నది. అయినను న్యాయస్థానమువరకు పోవు అవసరము రాకుండుటకే ఈ జాగ్రత్త. పెద్ద మొత్తములకు సంస్థవారి సంతకముగల కొనుగోలు పత్రమును కోరుటలో మొగమాటము వలదు. వారును తమకు అమ్మువారివద్ద అట్లే కోరుదురు.

ఫిర్యాదు వచ్చినప్పుడు కొందరు దానిని తుడిచివేయుటకు చూతురు. ఫేస్‌బుక్ పుటమీద ఎవరైనను “కూర వాడినది పంపినారు” అని వ్రాసినచో, ముందు ఆ దినపు చీటీ చూడవలెను. నిజమైనచో ఒప్పుకొని, ఏమి పరిహార మిచ్చితిమో అచ్చటనే వ్రాయవలెను. నిజము కానిచో చీటీ చిత్రమును పెట్టి మర్యాదగ చెప్పవలెను. వాదమునకు దిగరాదు. సాయంకాలము తొమ్మిది దాటిన పిమ్మట ఏ బదులును వ్రాయరాదని మా సంఘమున కట్టడి చేసికొంటిమి. దానికి కారణమైన రాత్రిని గూర్చి వ్రాయను.

దీనివలన లాభమున్నదా లేదా అని తెలియుట ఎట్లు? ఎంతమంది చూచిరి, ఎంతమంది బొటనవ్రేలు ఎత్తిరి అనునది లెక్క కాదు. ఒక నోటుబుక్కు తీసి, నెలలో అడిగినవారెందరు, మచ్చు కోరినవారెందరు, మొదటి ఆర్డరు ఇచ్చినవారెందరు, రెండవమారు ఇచ్చినవారెందరు, సొమ్ము గడువులో వచ్చినది ఎంత యని వ్రాసికొనవలెను. అందులోను రెండవమారు కోరినవారి లెక్కయే ముఖ్యము. ఖర్చు క్రింద గుమాస్తా గంటలనుకూడ కట్టవలెను, అవి ఉచితముకావు. మా లెక్కలో మొదటి మూడు నెలలు ఖర్చే గాని రాబడి లేదు. నాలుగవ నెలలో మూడు వంటశాలలు నిలుకడగ కొనసాగినవి. ఏడాది చివరకు తొమ్మిదియైనవి. ఇది పెద్ద సంఖ్య కాదు. కాని ఆ తొమ్మిదింటికి పోవు సరకునకు కమీషను లేదు, తరుగు లేదు, బండి పోవు దూరము కొలది కిలోమీటర్లు. నగరపు మార్కెటును మేము విడువలేదు. విడువవలెనని ఎవరికిని చెప్పను. సంఘమునకు వచ్చు సరకులో సగమునకు మించి ఇప్పటికిని అచ్చటికే పోవుచున్నది. కాని వేలమున ధర పడిననాడు ఈ తొమ్మిది గుమ్మములు ఉన్నవను ధైర్యము వేరు.

ఈ ఏడు ఆషాఢమున ఒకనాడు సరకు రాలేదు. వాన పట్టి కోత సాగలేదు. ప్రతిదినము వార్త పంపు వేళకు గుమాస్తా వచ్చి, ఈ దినము పంపుటకేమియు లేదు గనుక ఊరకుందునా యని యడిగెను. ఊరకుండవలదంటిని. అతడు ఖాళీ పట్టాను చిత్రము తీసి, క్రింద “వాన వలన రేపు సరకు లేదు. ఎల్లుండి సంగతి రేపు సాయంత్రము తెలిపెదము” అని వ్రాసి పంపెను. ఏడాదిలో మా వార్తలలో దేనికిని రానన్ని బదుళ్ళు దానికి వచ్చినవి. ముందుగ తెలిపినందున వేరుచోట చూచుకొనగలిగితిమని మేస్త్రులు వ్రాసిరి. అందులో ఒకటి, మునుపు పండ్రెండు క్రేట్లు త్రిప్పిపంపిన గుమాస్తాది. “ఎల్లుండి పది క్రేట్లు, మధ్యరకమే” అని మాత్రము వ్రాసెను.